పుంత రాయి

నాలుగు గంటల పాసింజరు గూడెం స్టేషన్లో కూత వేసిందంటే శేషారత్నానికి ఇక ఇంట్లో కాలు నిలవదు. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా సరే, గేదె పలుపు తెంపుకున్నా సరే, కొంగు బొడ్లో దోపుకుని వీధి దడి దగ్గరికి వచ్చేస్తుంది. దడి పక్కన నీళ్ళ గోలెం, గోలెం పక్కన కాళ్ళు కడుక్కునే నల్లరాయి. ఆ రాయెక్కి నిలబడితే దడి మీదుగా కాలవ మలుపు దాకా రోడ్డు కనిపిస్తుంది. మలుపులో పిల్లలు కనబడేదాకా ఆవిడ రాయి దిగదు. కనబడ్డాక మాత్రం ఏమీ ఎరగనట్టు లోపలికి పోయి, గుమ్మంలోకి వచ్చిన కూతుర్ని "ఇంతసేపేమిటే" అని కసురుతుంది. రోజూ అదే వరస.

ఇది ముప్పయ్యారో సంవత్సరం మాట. తాడేపల్లిగూడేనికి రెండు మైళ్ళ ఇవతల, కాలవ పక్కన ఉన్న మెరకపాలెం ఆవిడ ఊరు. శేషారత్నం భర్త గంగరాజు జ్వరంతో పోయి మూడేళ్ళయింది. పదెకరాల మాగాణీ, రెండు గేదెలు, పన్నెండేళ్ళ తులసి, ఇవీ ఆవిడ సంసారం. ఊళ్ళో బడి అయిదో తరగతితో సరి. ఆ పైన చదవాలంటే గూడెం నడిచి పోవాలి. ఊరి పిల్లలూ, పడమటి వైపు ఉన్న కిరస్తానీ పేట పిల్లలూ కలిసి పదకొండు మంది రోజూ పోయి వస్తారు. వాళ్ళ వెనకే పెరుగు కుండల వాళ్ళు, బియ్యం మిల్లులకి వెళ్ళే ఆడకూలీలు. ఒకప్పుడు ఆ రోడ్డు మీద ఎద్దుబండ్లే గతి. ఎద్దుబండి వస్తుంటే మనిషి పక్కకి తప్పుకుని, బండివాడితో నాలుగు మాటలాడి, మళ్ళీ రోడ్డెక్కేవాడు.

ఆ తరవాత ఇద్దరు ఆసాములు ఏలూరు నుంచి గూడెం దాకా పోటాపోటీగా మోటారు బస్సులు వేశారు. ముందు పోయినవాడికి ఎక్కువ మంది ఎక్కుతారు. అందుకని ఒకదాన్నొకటి దాటడమే వాటి పని. రోడ్డుకి ఒక పక్క కాలవ, ఇంకో పక్క చేలకి నీళ్ళు పోయే బోదె. నడిచేవాడు ఎటు తప్పుకోవాలి? ఆ సంగతి బస్సులు వేసినవాళ్ళకీ పట్టలేదు, ఎక్కి కూర్చున్నవాళ్ళకీ పట్టలేదు.

కార్తీకమాసంలో ఒక సాయంత్రం రెండు బస్సులు పక్కపక్కనే మలుపు తిరిగాయి. పిల్లలు తలో దిక్కుకీ దూకారు. పేట పిల్ల రాజకుమారి గట్టు మీంచి రాళ్ళలో పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని నడుస్తున్నది తులసే. జానెడు దూరంలో ప్రమాదం తప్పింది. బస్సు ఆగను కూడా ఆగలేదు. ఆ వేళ మొదలు శేషారత్నం గుండె గూట్లో లేదు. పొద్దున పిల్ల గుమ్మం దాటినప్పటి నుంచి మళ్ళీ గుమ్మం ఎక్కేదాకా ఇంట్లోకీ వీధిలోకీ తిరగడమే. తిన్నది ఒంటికి పట్టేది కాదు. ఎవరు పలకరించినా కస్సుమనేది. చివరికి ఒకనాడు తేల్చి చెప్పేసింది: జూన్‌లో బడి తెరిచేలోగా నడిచేవాళ్ళకి వేరే దారి పడాలి, లేకపోతే తులసి చదువు మానాలి. ఆవిడ మాటంటే మాటే. తులసి ఆ మాట విన్నప్పటి నుంచి భూగోళం పుస్తకం ఒళ్ళో పెట్టుకుని పేజీ తిప్పకుండా కూర్చునేది.

దారి సంగతి ముందు ఎత్తుకున్నది ఎలీయాజరు మాస్టారు. పేటలో మిషను బడి ఆయనది. పొడుగాటి మనిషి, మెత్తని మాట. "ఏవండీ" అనకుండా ఎవరితోనూ నోరు విప్పరు. సైకిలుతో కూడా అలాగే మాట్లాడతారని పిల్లలు నవ్వుకునేవారు. ఆయన్ని కూడా బస్సులు రెండుసార్లు సైకిలుతో సహా కాలవలోకి దింపాయి. రెండోసారి, తడిసిన హాజరుపట్టీ గట్టు మీద ఆరబెట్టుకుంటూ కూర్చున్నప్పుడు ఆయనకి ఈ ఆలోచన వచ్చిందట. మర్నాటి నుంచి సైకిలు ముందు చక్రానికి ఎర్ర గుడ్డపేలిక కట్టి, చేత్తో నడిపించుకుంటూ, పేలిక ఎన్నిసార్లు పైకొస్తే అన్ని చుట్లని పిల్లల చేత లెక్కపెట్టిస్తూ ఊరి చుట్టూ ఉన్న దారులన్నీ కొలిచారు. కొలిచినవన్నీ పెద్ద కాగితం మీద గీసి శేషారత్నం అరుగు మీద పరిచారు.

"కాలవ గట్టు మీద దారి అడగొచ్చు గానండి, పూడిక తీసిన మన్నంతా వేసవిలో గట్టు మీదే పోస్తారు. నడవడానికి ఉండదండి," అన్నారు మాస్టారు. "చేల మధ్య పాత బండిదారి, ఆ పుంత ఒక్కటే మనకి గతండి. కరణంగారి పటంలో పన్నెండడుగుల వెడల్పున ఉందండి. ఊరి వెనక పశువుల పాకల దగ్గర మొదలై గూడెం మిల్లుల వెనక తేలుతుంది. రోడ్డు మీద కంటే రెండు వందల చుట్లు తక్కువండి. మొదలు బాగానే ఉంది, చివర బాగానే ఉంది. మధ్యలో రెండు ఫర్లాంగులే కనబడటం లేదండి."

"కనబడకపోవడం ఏమిటి మాస్టారూ? దానికి కాళ్ళొచ్చి నడిచిపోయిందా?"

"నడవలేదండి. చెక్కేశారండి," అని ఆయన తల వంచుకున్నారు.

ఈ చెక్కడమేమిటో తెలియనివాళ్ళకి చెప్పాలి. ఊడ్పులకి ముందు రైతు తన గట్లన్నీ పారతో చెక్కి, ఆ మట్టినే మెత్తి నున్న చేయిస్తాడు. పక్క రైతుకీ తనకీ మధ్యనున్న గట్టయితే ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెక్కిస్తాడు, అవతలవాడు చూస్తుంటాడు గనక. పుంత గట్టయితే ఆ బెంగ లేదు. పుంత అందరిదీ, అందుకని ఎవరూ చూడరు. చేను వైపు చెక్కి పుంత వైపు మెత్తుతారు. గట్టు ఏడాదికో పార వాటున పుంతలోకి జరుగుతుంది, చేను ఆ మేరకి పెరుగుతుంది. దీన్ని ఆ సీమలో దొంగతనం అనరు, పనితనం అంటారు. కొత్త పాలికాపుని కుదుర్చుకునేటప్పుడు "పుంత గట్టు వెయ్యడం వచ్చునా" అని అడిగి మరీ పెట్టుకుంటారు. పుంత పక్కన చేనున్న ఏ పెద్దమనిషీ ఇందుకు సిగ్గుపడ్డట్టు నేను వినలేదు.

శేషారత్నానిది కొల్లేరు లంక. పుట్టింటి ఊళ్ళో దారంటే నీళ్ళే. దోనె ఎక్కితే ఎటైనా పోవచ్చు. పుంత అనే మాట ఆవిడ కాపరానికి వచ్చాకే విన్నది. భర్త వెంట చేలోకి పోయి గట్టు పనంతా చూసి నేర్చుకుంది. ఆయన పోయాక మూడేళ్ళుగా ఎండలో నిలబడి తనే చేయిస్తోంది. "పుంత వైపు ఇంకాస్త మెత్తు అబ్బులూ, గట్టు పల్చగా ఉంది," అనేది. నిజంగానే పల్చగా ఉందని అనుకునేది. తన మాట తను నమ్మడానికి మనిషికి ఎంతసేపు పడుతుంది గనక.

అందుకే మాస్టారి మాట వినగానే ఆవిడకి తన గట్టు తట్టలేదు, పుంతకి అవతలి చేను తట్టింది. అది కోదండరామయ్యది. పెద్ద రైతు, శేషారత్నం ఆయన్ని అన్నయ్యగారని పిలుస్తుంది. "ఇంకెవరండీ, అన్నయ్యగారే మింగి ఉంటారు. ఆయన చేను చూశారా, ఎంత బారుందో?" అంది. అంతే, ఆ రోజు నుంచి పుంత తిరిగి తెప్పించడం ఆవిడ పంతమైంది. అర్జీ మీద మొదటి వేలిముద్ర ఆవిడదే. ఆ అర్జీ పట్టుకుని మాస్టారు రెండుసార్లు ఏలూరు వెళ్ళొచ్చారు. "పేట వాళ్ళంతా మన చేల మధ్య నుంచి తిరుగుతారా" అని ఎవరో సణిగితే, "మీ పిల్లలు రోడ్డు మీద పడి చావకుండా ఇంటికి రావడం మీకు ఇష్టం లేదా" అని వీధిలో నిలబెట్టి అడిగింది. ఆ తరవాత సణిగినవాడు లేడు.

ఏప్రిల్ నెల చివర, కాలవలు కట్టేసి చేలన్నీ బీటలు తీసి ఉన్న రోజుల్లో సర్వేయరు వచ్చాడు. ఇద్దరు మనుషులు గొలుసు లాగుతుంటే ఊరంతా వెంట నడిచింది. గూడెం వైపు నుంచి రాయి తరవాత రాయి లెక్క సరిపోతూ వచ్చింది. తీరా శేషారత్నం చేనుకీ కోదండరామయ్య చేనుకీ మధ్యకి వచ్చేసరికి పుంత లేదు, అడుగు వెడల్పు గట్టు ఉంది. సర్వేయరు పటం చూశాడు, నేల చూశాడు, మళ్ళీ పటం చూశాడు.

"ఇక్కడ పుంత వంపు తిరిగిందండి. వంపు దగ్గర హద్దురాయి ఉండాలి. ఆ రాయి ఉంటేనే ఈ రెండు ఫర్లాంగులూ ఎవరి చేలో ఉన్నదీ తేలుతుంది," అన్నాడు.

"మా నాన్నగారి రోజుల్లో ఉండేదండి," అన్నాడు కోదండరామయ్య నెమ్మదిగా. "ఆ రాయి మీద కూర్చుని నేనూ గంగరాజూ చద్దన్నాలు తిన్నాం. ఎప్పుడు పోయిందో మరి."

శేషారత్నానికి ఒళ్ళు మండింది. "అన్నయ్యగారూ, మీ కొష్టంలో ఓసారి వెతికించండి. ఏ గేదెని కట్టేశారో ఆ రాయికి," అంది అందరూ వినేలా.

జనం ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. ఆ పెద్దమనిషితో ఆ ఊళ్ళో ఎవరూ అలా మాట్లాడి ఎరగరు. కోదండరామయ్య ఆవిడ మొహంలోకి ఒక క్షణం చూశాడు. "మా ఇల్లు తీసే ఉంటుంది చెల్లెమ్మా. వచ్చి చూసుకోండి," అని తువ్వాలు భుజం మీద వేసుకుని గట్టు వెంట వెళ్ళిపోయాడు.

సర్వేయరు గొలుసు చుట్టించాడు. ఎల్లుండి దాకా ఉంగుటూరులో మకాం ఉంటాననీ, రాయి దొరికితే కబురు పెట్టమనీ, దొరక్కపోతే తగాదా అని రాయాల్సి వస్తుందనీ చెప్పాడు. తగాదా పడ్డ నేలలో దారి వెయ్యరు.

"తగాదా ఎన్నాళ్ళుంటుందండీ?" అని అడిగారు మాస్టారు.

"తేలేదాకానండి."

తేలేదాకా అంటే తులసికి పెళ్ళయి పిల్లలు పుట్టేదాకా అని శేషారత్నానికి తెలిసిపోయింది. కోదండరామయ్యని తిట్టుకుంటూ ఇంటికి వచ్చింది. దారిపొడుగునా తిట్టింది, ఇంట్లో తిట్టింది, కుడితి కలుపుతూ తిట్టింది. ఇంతలో పాసింజరు కూసింది. తిట్టడం ఆపి వీధిలోకి వచ్చి రాయెక్కింది.

దడి అవతల పాలికాపు అబ్బులు నిలబడి ఉన్నాడు. పేట మనిషి, రాజకుమారికి తాత. ఇరవై రెండేళ్ళుగా ఆ ఇంట్లోనే పని.

"గడ్డి వేశావా అబ్బులూ?"

"వేశానండి."

"మరి నిలబడ్డావేం?"

"రాయి సంగతండి, అమ్మగారూ."

"కోదండరామయ్యగారు చెప్పి పంపించారా?"

"లేదండి. ఆయనకేం సంబంధం లేదండి." అబ్బులు తలపాగా విప్పి చేతిలోకి తీసుకున్నాడు. "పుంత రాయి మీరు నిలబడ్డదేనండి."

శేషారత్నం వెంటనే దిగలేదు. పదేళ్ళకి పైగా ఆ రాయి మీద పాదాలు రుద్దుకుంది. పురిటి స్నానం అయ్యాక తులసిని ఒళ్ళో వేసుకుని ఎండకి కూర్చున్నది ఆ రాయి మీదే.

"అయ్యగారు ఎత్తమంటే నేనే బండికెత్తానండి. తులసమ్మ పుట్టిన ఏడండి. అమ్మగారికి కాళ్ళు కడుక్కోవడానికి మంచి రాయి లేదు, ఇది పట్టుకుపోదాం అన్నారు. అడుగున గుర్తు ఉంటుందండి."

"ఇన్నాళ్ళూ నోరు మెదపలేదేం?"

"నన్నెవరడిగారండి? అయ్యగారి ఉప్పు తిన్నానండి." తలపాగా మడత పెట్టాడు. "మా రాజకుమారి చెయ్యి ఇంకా తిన్నగా రాలేదండి."

అబ్బులు గొంతు తగ్గించి మళ్ళీ అన్నాడు: "మీరు ఊఁ అంటే, పొద్దున్నే తీసుకుపోయి గట్టు పక్క బోదెలో పడేసి, దొరికిందని చెప్తానండి. అయ్యగారి పేరు బయటికి రాదండి. రాయి మన గట్టుకి ఆనించి పాతామనుకోండి, దారంతా అవతలి చేలోకే పోతుందండి."

శేషారత్నానికి ఆ మాట వింటే కోపం రావాలి. రాలేదు. అదే చెప్పుకోవలసింది. పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. ఆయన పేరు చెడదు, చేను పోదు, దారి పడుతుంది, పిల్ల చదువుకుంటుంది. నష్టపోయేది ఎవరు? కోదండరామయ్య. అరవై ఎకరాల వాడికి ఆ రెండు ఫర్లాంగులు ఒక లెక్కా? నోటి చివరిదాకా వచ్చిన ఊఁ అనబోతూ, అలవాటుగా మలుపు వైపు చూసింది.

మలుపులో పిల్లలు లేరు. వచ్చే వేళ ఎప్పుడో దాటిపోయింది. ఒక బస్సు దుమ్ము లేపుకుంటూ వచ్చి పోయింది. దాని వెనకే హారను మోగిస్తూ రెండోది. ఆ దుమ్ము అణగేదాకా కళ్ళు చించుకుని చూసింది. రోడ్డు మీద ఒక్క పురుగు కూడా లేదు.

రాయి దిగడం ఆవిడకి తెలియదు, పరిగెత్తడం తెలియదు. ముప్పయ్యెనిమిదేళ్ళ మనిషి, పెద్దరికం గల ఇల్లాలు, పట్టపగలు కొంగు జారుతున్నా చూసుకోకుండా రోడ్డున పడి పరిగెత్తింది. వెనక అబ్బులు "అమ్మగారండీ" అంటూ వస్తున్నాడు. మలుపు దగ్గర కాలు తట్టుకుని మోకాళ్ళ మీద పడింది. లేవబోతుంటే కింద నుంచి పిల్లల నవ్వులు వినిపించాయి.

గట్టు అంచుకి పోయి చూసింది. కాలవ అడుగున, ఎండిన ఒండ్రు మీద పదకొండు మంది పిల్లలు బారుగా వస్తున్నారు. పుస్తకాల సంచులు నెత్తిన పెట్టుకున్నారు. కొందరు మడుగులో మిగిలిన చేపపిల్లల్ని చేతుల్తో పట్టబోతున్నారు. తులసి మోకాళ్ళ దాకా బురద.

"ఏమిటే ఇది? రోడ్డు లేదటే మీకు?" అని గట్టు మీంచే అరిచింది.

"కాలవ కట్టేశారు కదమ్మా. వారం నుంచి ఇందులోంచే వస్తున్నాం. ఇందులోకి బస్సు రాదు," అంది తులసి కింద నుంచే.

"మరి నాకు రోజూ రోడ్డు మీదే కనబడుతున్నారే?"

తులసి రాజకుమారి మొహం చూసింది. "నువ్వు రాయెక్కి చూస్తుంటావుగా. కనబడకపోతే కంగారు పడతావని మలుపు దగ్గర పైకెక్కేవాళ్ళం. ఇవాళ చేపల్లో పడి మరిచిపోయాం."

రాజకుమారి వంకర తిరిగిన చేత్తో సంచీ సర్దుకుంటూ, "జూన్‌లో నీళ్ళొదిలేస్తారు కదండీ, అప్పుడింక ఈ దారి ఉండదండి," అంది. ఆ పిల్ల ఆ మాట ఎవర్నీ తప్పు పట్టడానికి అనలేదు. వానొస్తుందని చెప్పినట్టు చెప్పింది.

శేషారత్నం గట్టు మీద అలాగే కూలబడింది. తన కంటికి కనబడడం కోసం పిల్లలు రోజూ సరిగ్గా ఆ మలుపులోనే రోడ్డెక్కుతున్నారు. తను ఎక్కి చూసేదేమో వాళ్ళ దారికి పాతిన రాయి. ఆవిడకి తల కొట్టేసినట్టయింది. మొగుడి మీద కోపం వచ్చింది, పోయినవాణ్ణి ఏమనగలదు? ఆ మూడేళ్ళూ పార పట్టించింది ఎవరు? ఆ రాత్రి కంటి మీద కునుకు లేదు.

తెల్లారాక అబ్బులు చేతా మరో మనిషి చేతా రాయి దొర్లించింది. పైన నల్లగా నున్నగా అరిగిపోయిన రాయి, అడుగున తెల్లగా కొత్తదానిలా ఉంది. ఉలితో కొట్టిన గుర్తు చెక్కు చెదరలేదు. బండికెత్తించింది.

"బోదె దగ్గరికేనా అండి?" అన్నాడు అబ్బులు.

"వీధిలోంచి తోలు."

"అమ్మగారూ..."

"వీధిలోంచే తోలమన్నాను."

బండి ముందు తను నడిచింది. అరుగుల మీద వాళ్ళు లేచి చూశారు. ఆడవాళ్ళు ముగ్గులు ఆపి చూశారు. కోదండరామయ్య అరుగు మీద కూర్చుని పలుదోం పుల్ల నములుతున్నాడు. బండి ఆ ఇంటి ముందు ఆగింది.

"అన్నయ్యగారూ, రాయి దొరికింది," అంది శేషారత్నం. "మా ఇంట్లోనే ఉంది. మా ఆయన తెచ్చారు. నేను పన్నెండేళ్ళుగా దాని మీద కాళ్ళు కడుక్కున్నాను. గట్టు జరిపించింది ఆయనొక్కరే కాదు, ఈ మూడేళ్ళూ నేనే జరిపించాను. నిన్న మిమ్మల్ని నలుగురిలో అన్నాను గనక ఇవాళ నలుగురిలోనే చెప్తున్నాను. తప్పు నాది."

కోదండరామయ్య పుల్ల పారేసి నోరు కడుక్కున్నాడు. తొందరపడే మనిషి కాదు. అరుగు దిగి బండి దగ్గరికి వచ్చి రాయి మీద చెయ్యి వేశాడు.

"నాకు తెలుసు చెల్లెమ్మా," అన్నాడు.

"తెలుసా? మరి నిన్న..."

"పోయినవాడి మీద ఏం చెప్పను? వాడూ నేనూ ఒక కంచంలో తిన్నవాళ్ళం." ఆయన కొంచెం నవ్వాడు. "పైగా నేనూ ఓ మూరెడు జరిపానులెండి. సర్వేయరు వచ్చి ఎలాగూ చెప్తాడు."

కబురందుకుని సర్వేయరు మధ్యాహ్నానికి వచ్చాడు, ఆ బస్సులోనే. అబ్బులు శేషారత్నం చేలో ఒక చోట నిలబడి, అటు తాటిచెట్టుకేసీ ఇటు చర్చి శిలువకేసీ చూసుకుని, నాలుగడుగులు పక్కకి జరిగి తవ్వాడు. రెండడుగుల లోతున రాయి కింద దట్టించిన పాత కంకర బయటపడింది. గట్టు నడిమికి గొలుసు వేసి చూస్తే పన్నెండడుగుల పుంతలో పదిన్నర ఈవిడ చేలోనూ, ఒకటిన్నర ఆయన చేలోనూ ఉన్నాయి. రాసుకుంటున్న మాస్టారు మొహం ఎత్తడానికి మొహమాటపడ్డారు.

"రాయండి మాస్టారూ. నా పేరు పెట్టే రాయండి," అంది శేషారత్నం.

వైశాఖం ఎండల్లో పుంత పని సాగింది. ఊరి వాళ్ళు ఒక చివర నుంచీ, పేట వాళ్ళు ఒక చివర నుంచీ మట్టి పోశారు. శేషారత్నం చేను మధ్యలో ఇద్దరూ కలిసేసరికి మంచినీళ్ళ కుండ ఎవరిదని చూసేంత ఓపిక ఎవరికీ లేకపోయింది. బోదె దాటే చోట ఒక్క తాటిదుంగ చాలదండి, సైకిలు జారిపోతుందండి అని మాస్టారు పట్టుబడితే కోదండరామయ్య మూడు దుంగలు కొట్టించి పక్కపక్కన వేయించాడు. బండ్లు దిగకుండా మొదట్లోనూ చివర్లోనూ అడ్డురాళ్ళు పాతారు. వానకి కాలు జారకుండా గూడెం మిల్లుల నుంచి ఊక బూడిద తెచ్చి పరిచారు. వంపు దగ్గర నల్లరాయి మళ్ళీ దాని గోతిలోకి పోయింది.

జూన్‌లో కాలవ వదిలారు. ఆ వారమే బడి తెరిచారు. తులసి సంచీ తగిలించుకుని పెరటి వైపు నుంచి బయల్దేరింది. శేషారత్నం "జాగ్రత్త" అని ఒక్క మాట అని పనిలో పడింది. మధ్యాహ్నం దాకా బాగానే ఉంది.

నాలుగు గంటల పాసింజరు కూసింది. చేతిలో చాట అక్కడే పడేసి, కొంగు దోపుకుని వీధిలోకి వచ్చేసింది. అలవాటుగా రాయి మీదికి కాలెత్తింది. అక్కడ రాయి లేదు. కాలు గుంటలో పడి, దడి పట్టుకుని నిలదొక్కుకుంది. మునివేళ్ళ మీద లేచి చూసింది. కాలవ నిండుగా పారుతోంది. ఒక బస్సు పోయింది. దాన్ని తరుముతూ రెండోది పోయింది. మలుపులో పిల్లల్లేరు. పుంత వేశామని బుద్ధికి తెలుసు, గుండెకి తెలియలేదు. దడి కమ్మలు రెండు చేతులా తప్పించి, రోడ్డు వైపే చూస్తూ చాలాసేపు నిలబడింది.

"అమ్మా, ఎవరికోసం చూస్తున్నావు?"

వెనక్కి తిరిగింది. తులసి గుమ్మంలో నిలబడి ఉంది. కాళ్ళు కడుక్కుని ఉంది, బడి బట్టలు మార్చుకుని ఉంది, చేతిలో అటుకుల గిన్నె కూడా ఉంది.

"ఎప్పుడొచ్చావే?"

"ఇందాకే. పెరట్లోంచి వచ్చాను. రాజకుమారి వాళ్ళు కూడా ఇళ్ళకి వెళ్ళిపోయారు."

కసరడానికి నోరు తెరిచింది శేషారత్నం. రాయి పోయిన గుంట పక్కన, నేల మీదే కూర్చుని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కార్తీకం నుంచి దాచుకున్న ఏడుపంతా ఏడ్చింది. తులసికి ఏమీ పాలుపోక గిన్నె కింద పెట్టి, వచ్చి తల్లి పక్కన కూర్చుంది.

"వచ్చేశానుగా అమ్మా," అంది.